బరువు తగ్గాలంటే గుండె ఎంత కొట్టుకోవాలి? ఏ లెక్క ఎవరికి సరిపోతుంది

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి గానీ, ఒంగోలు మినీ స్టేడియానికి గానీ పొద్దున ఐదున్నరకి వెళ్లి చూడండి. నడిచేవాళ్లలో చాలామంది చూపు ముందున్న దారి మీద ఉండదు, మణికట్టు మీద ఉంటుంది.

"నాది 138 చూపిస్తుండాదే, నీదెంతబ్బా?"

"112. ఫ్యాట్ బర్న్‌లోనే ఉండా, నీ మాదిరి కాదు."

ఆ అంకెలు నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పేవి. ఇద్దరూ పక్కపక్కనే, ఒకే వేగంతో నడుస్తున్నారు. ఒకరి వాచీలో నారింజ రంగు, ఇంకొకరి వాచీలో ఆకుపచ్చ. 138 ఉన్నాయన కంగారుపడి అడుగు నెమ్మది చేస్తాడు, 112 ఉన్నాయన ఛాతీ విరుచుకుంటాడు. నిజానికి ఇద్దరికీ సరైన శ్రమే అందుతూ ఉండొచ్చు. ఆ రంగులు ఏ లెక్కతో వచ్చాయో తెలియకపోవడం వల్లే ఈ గొడవంతా.

వ్యాయామంలో గుండె వేగం ఎంత ఉండాలో తేల్చుకోవడానికి మామూలు మనిషి చేతిలో ఉన్న దారులు ఇవి: వయసుతో వేసే లెక్క, విశ్రాంతి పల్స్‌తో (ఊరికే ఉన్నప్పటి గుండె వేగంతో) కలిపి వేసే లెక్క, వాచీ చూపించే జోన్లు, మాట్లాడి చూసుకునే పరీక్ష. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బరువు తగ్గాలనుకునేవాళ్లలో ఎక్కువమందికి మాట పరీక్షే అసలు కొలత, దానికి తోడుగా విశ్రాంతి పల్స్ లెక్క చాలు. వాచీలోని 'ఫ్యాట్ బర్న్' రంగుని చివరికి నెట్టేయొచ్చు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ రంగు సంగతే మాట్లాడుకోవాలి.

ఫ్యాట్ బర్న్ జోన్: సగం నిజం

జిమ్ ట్రెడ్‌మిల్ మీద అంటించిన చార్టులోనూ, వాచీలోనూ గరిష్ఠ గుండె వేగంలో ఇంచుమించు 60 నుంచి 70 శాతం మధ్య భాగానికి ఈ పేరు పెడతారు. ఇందులో నిజం లేకపోలేదు. తక్కువ శ్రమలో శరీరం వాడుకునే ఇంధనంలో కొవ్వు వాటా ఎక్కువ, వేగం పెరిగేకొద్దీ పిండిపదార్థాల వాటా పెరుగుతుంది. కానీ అది వాటా మాత్రమే. అరెకరం గుంటలో నూటికి 90 రొయ్యలు బతికాయని సంబరపడే రైతూ ఉంటాడు, మూడెకరాల్లో నూటికి 70 బతికించుకున్న రైతూ ఉంటాడు. లోడు ఎవరిది పెద్దదో నెల్లూరు జిల్లాలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

అంకెల్లో చూద్దాం. 80 కిలోల మనిషి గంటకి 5 కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే సుమారు 140 కేలరీలు ఖర్చవుతాయి. అదే మనిషి గంటకి 8 కిలోమీటర్ల వేగంతో అరగంట జాగింగ్ చేస్తే సుమారు 330. ఉదాహరణకి నడకలో కొవ్వు వాటా 60 శాతం, జాగింగ్‌లో 40 శాతం అనుకుందాం. నడకలో కొవ్వు నుంచి వచ్చింది 84 కేలరీలు, జాగింగ్‌లో 132. వాటా తగ్గినా మొత్తం పెరిగింది. పైగా వ్యాయామంలో ఏ ఇంధనం కరిగిందన్నదానికంటే, రోజు మొత్తం మీద తిన్నదెంత, ఖర్చయిందెంత అన్నదే బరువుని తేలుస్తుంది.

అయితే అందరూ రేపటి నుంచి పరుగెత్తాలా? వద్దు. పదేళ్లుగా కుర్చీలో కూర్చున్న మనిషి ఉత్సాహంగా రెండు రోజులు జాగింగ్ చేసి మూడో రోజు మోకాలు పట్టుకుంటాడు. వారానికి రెండు అరగంటల జాగింగ్‌కి 660 కేలరీలు. అదే మనిషి వారంలో ఐదు రోజులు గంట చొప్పున నడిస్తే 1400. నెమ్మది జోన్ గెలిచేది ఇక్కడే, అందులో ఎక్కువసేపు ఉండగలం కాబట్టి.

ఇంకో చేదు నిజం కూడా ఉంది. ఆ 1400లో, ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవి 400 దాకా ఉంటాయి. నడక వల్ల అదనంగా ఖర్చయింది వెయ్యే. కిలో కొవ్వంటే సుమారు 7700 కేలరీలు. అంటే తిండి ఏమీ మార్చకుండా నడక ఒక్కటే నమ్ముకుంటే కిలో తగ్గడానికి దగ్గర దగ్గర రెండు నెలలు. స్టేడియం గేటు బయట బండి మీద నెయ్యి కారందోసె తిని ఇంటికొస్తే ఆ లెక్కా తప్పుతుంది. కాబట్టి పల్స్ అంకెల మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా కంచంలో అన్నం కుప్ప మీద పెట్టాలి.

220లోంచి వయసు తీసేయడం

అందరికీ తెలిసిన లెక్క ఇదే. 45 ఏళ్లుంటే 220 నుంచి 45 తీసేస్తే 175, అదే గరిష్ఠం. అందులో 64 నుంచి 76 శాతం, అంటే 112 నుంచి 133 దాకా మధ్యస్థ శ్రమ. 77 నుంచి 93 శాతం దాకా తీవ్ర శ్రమ.

నోటితో వేసుకోవచ్చు, అదే దీని బలం. బలహీనత ఏమిటంటే, ఇది సగటు. ఒకే వయసున్నవాళ్ల అసలు గరిష్ఠం ఈ అంకెకి 10, 12 అటూ ఇటూ ఉండటం చాలా మామూలు, అంతకంటే తేడా ఉన్నవాళ్లూ ఉంటారు. 1971లో ఫాక్స్, నాటన్, హాస్కెల్ రాసిన వ్యాసం నుంచి ఇది వాడుకలోకి వచ్చింది. అప్పటికే ఉన్న సమాచారాన్ని కలిపి గీసిన గీత నుంచి పుట్టిందే తప్ప, ఒక్కో మనిషికి గరిష్ఠం తేల్చడానికి ప్రత్యేకంగా కట్టిన సూత్రం కాదు.

2001లో తనాకా బృందం దీన్ని సవరించి, వయసుని 0.7తో గుణించి 208 నుంచి తీసేయమంది. 40 ఏళ్ల మనిషికి రెండు లెక్కల్లోనూ 180 వస్తుంది, తేడానే లేదు. తేడా తెలిసేది పెద్ద వయసులో. 65 ఏళ్లవారికి పాత లెక్క 155 అంటుంది, కొత్తది 162 పైన. రిటైరయ్యాక నడక మొదలుపెట్టినవాళ్లు పాత లెక్క పట్టుకుంటే అనవసరంగా నెమ్మదిస్తారు. ఆరోగ్యంగా ఉన్న 60 పైబడినవాళ్లకి తనాకా లెక్కే నయం.

ఆడవాళ్ల కోసం ఇంకొకటి ఉంది. అమెరికాలో ఐదు వేలమందికి పైగా స్త్రీల మీద చేసిన పరిశీలన నుంచి 2010లో గులాటీ బృందం ఇచ్చింది: 206 నుంచి వయసుకి 0.88 రెట్లు తీసేయాలి. 50 ఏళ్లావిడకి 162 వస్తుంది, పాత లెక్కలో 170. వాచీలో చాలావరకు పాత లెక్కే ఉంటుంది కాబట్టి, ఆయాసపడుతున్నా "ఇంకా జోన్‌లోకి రాలేదు" అని చూపించే అక్కలకి ఇది పనికొస్తుంది. తప్పు మీ ఒంట్లో లేకపోవచ్చు, లెక్కలోనే ఉండొచ్చు.

విశ్రాంతి పల్స్‌ని కలుపుకునే లెక్క

1957లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త మార్టీ కార్వోనెన్ పేరు మీద వచ్చిన పద్ధతి ఇది. ఇందులో వయసుతో పాటు మీ గుండె ఇప్పుడున్న స్థితి కూడా లెక్కలోకి వస్తుంది. ఆ స్థితి చెప్పేది విశ్రాంతి పల్స్.

దాన్ని కొలవడానికి వాచీ అక్కర్లేదు. పొద్దున మెలకువ వచ్చాక, కాఫీ తాగకముందు, మంచం దిగకముందు, ఎడమ అరచేయి పైకి పెట్టి బొటనవేలి మొదలుకి కిందుగా మణికట్టు మీద కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు ఆనించండి. గట్టిగా నొక్కితే పల్స్ మాయమవుతుంది, వదులైతే తెలియదు. రెండు మూడుసార్లు వెతుక్కుంటే దొరుకుతుంది. బొటనవేలితో చూడకూడదు, దానికీ సొంత పల్స్ ఉంటుంది కాబట్టి రెండూ కలగాపులగమవుతాయి. నిమిషం మొత్తం లెక్కపెట్టండి. మూడు రోజులు చూసి సగటు తీసుకుంటే మంచిది, ముందు రాత్రి పెళ్లి విందు తిని నిద్రలేకుండా లేచిన రోజు కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు లెక్క. 45 ఏళ్ల బావాబామ్మర్దులు ఇద్దరున్నారనుకోండి. ఇద్దరికీ గరిష్ఠం 175. బావ చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగి, విశ్రాంతి పల్స్ 80. బామ్మర్ది చిన్నప్పటి నుంచీ వాలీబాల్ ఆడుతున్నవాడు, అతనిది 58.

బావకి 175 నుంచి 80 తీసేస్తే 95. మధ్యస్థ శ్రమంటే ఈ తేడాలో 40 నుంచి 59 శాతం. 40 శాతమైతే 38, దానికి 80 కలిపితే 118. అదే 59 శాతమైతే 56, కలిపితే 136. అతని మధ్యస్థ శ్రమ 118 నుంచి 136.

బామ్మర్దికి తేడా 117. అదే వరసలో లెక్కేస్తే 105 నుంచి 127.

వయసు లెక్క ఇద్దరికీ 112 నుంచి 133 అని ఒకటే చెప్పింది. ఇక్కడ చూడండి, బావ 112 దగ్గర నడిస్తే అది అతనికి షికారు, వ్యాయామం కిందికే రాదు. బామ్మర్ది 133కి వెళ్తే మధ్యస్థం దాటి తీవ్రంలోకి పోయాడు. ఎక్కువ బరువుండి, కదలిక లేని ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి విశ్రాంతి పల్స్ కాస్త ఎక్కువే ఉంటుంది. అందుకే బరువు తగ్గాలని మొదలుపెట్టేవాళ్లకి ఈ లెక్కే ఎక్కువ ఉపయోగం. గరిష్ఠాన్ని మాత్రం ఇదీ వయసు నుంచే తీసుకుంటుంది కాబట్టి ఆ 10, 12 తేడా ఇందులోనూ మిగిలే ఉంటుంది.

కొందరు ఆసుపత్రిలో టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) చేయించుకుని, అందులోని గరిష్ఠ పల్స్ వాడతారు. మంచి ఆలోచనే గానీ, అంచనా గరిష్ఠంలో 85 శాతానికి చేరగానే పరీక్ష ఆపేసిన సందర్భాలు చాలా ఉంటాయి. అలా ఆపితే రిపోర్టులో ఉన్నది ఆ రోజు చేరిన అంకె మాత్రమే, మీ అసలు గరిష్ఠం కాదు. డాక్టరుగారిని ఒక్క మాట అడిగితే తేలిపోతుంది.

మాట పరీక్ష

పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, కూనిరాగం తీయబోతే మాత్రం ఊపిరి చాలకూడదు. అది మధ్యస్థ శ్రమ. హాయిగా పాడుకోగలుగుతున్నారంటే వేగం పెంచండి. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తే తీవ్ర శ్రమలో ఉన్నారు. ఇంతే.

ఇంత తేలికైనదాన్ని నమ్మడం కష్టం, తెలుసు. కానీ దీని వెనక శరీరధర్మం ఉంది. శ్రమ ఒక హద్దు దాటగానే కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి పంపడానికి శ్వాస ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది, అప్పుడు మాటకి ఊపిరి మిగలదు. ఆ హద్దు ప్రతి మనిషికీ వేరు. వయసు లెక్క దాన్ని ఊహిస్తుంది, మాట పరీక్ష నేరుగా పట్టిస్తుంది. ఒంటరిగా నడిచేవాళ్లు ఫోన్‌లో ఎవరితోనైనా మాట్లాడి చూడండి, రాజకీయాలు మాత్రం వద్దు, వాటికి కూర్చున్నచోటే పల్స్ పెరుగుతుంది.

స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ 6 నుంచి 20 వరకు ఒక శ్రమ కొలత తయారుచేశాడు. మీకు అనిపించిన శ్రమకి మీరే అంకె ఇచ్చుకోవాలి. 12, 13 అంటే 'కాస్త కష్టంగా ఉంది' అన్న స్థాయి. దాన్ని పదితో గుణిస్తే ఉజ్జాయింపుగా పల్స్ వచ్చేలా పెట్టాడు. మాట పరీక్ష అలవాటైతే దీని అవసరం పెద్దగా ఉండదు.

బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఇది తప్పక చదవాలి

పేరు చివర 'లోల్' అని వచ్చే మాత్రలు, అటెనోలోల్, మెటోప్రోలోల్, బిసోప్రోలోల్, ప్రొప్రనోలోల్ లాంటివి, గుండె వేగాన్ని కావాలనే తగ్గిస్తాయి. డిల్టియాజెమ్, వెరాపమిల్, ఇవాబ్రడీన్ కూడా అంతే. ఇవి వాడేవాళ్లకి పైన చెప్పిన లెక్కలేవీ పనిచేయవు. వాచీ 130 చూపించేదాకా నడుస్తానని పట్టుబడితే ప్రమాదంలో పడతారు, ఎందుకంటే మందు ఆ అంకెని రానివ్వదు. వీళ్లకి మాట పరీక్ష ఒక్కటే దారి. లేదంటే మందు వేసుకునే టీఎంటీ చేసి, డాక్టరే ఒక అంకె చెప్పాలి. అంకె రావట్లేదని మాత్ర మానేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ లాంటి బీపీ మందులతో సాధారణంగా ఈ ఇబ్బంది ఉండదు.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకి సంగతి వేరు. ఖాళీ కడుపుతో గంట నడిస్తే షుగర్ పడిపోవచ్చు. అప్పుడు గుండె దడ, చెమట, వణుకు వస్తాయి. వాచీ చూసి "జోన్ బాగా పెరిగింది" అని సంతోషించే సమయం కాదది, కూర్చుని చక్కెర నోట్లో వేసుకునే సమయం. జేబులో మూడు టీ చెంచాల చక్కెర పొట్లం ఉండాలి. 'లోల్' మాత్ర కూడా వాడుతుంటే ఆ దడ తెలియకపోవచ్చు, చెమటే ముఖ్యమైన గుర్తు.

ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేనంత ఆయాసం వస్తే ఏ జోన్‌లో ఉన్నా ఆపేసి 108కి ఫోన్ చేయాలి. ఏళ్ల తరబడి కదలకుండా ఉండి, షుగరో బీపీయో గుండె జబ్బో ఉన్నవాళ్లు తీవ్ర శ్రమ మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి.

మన ఎండలో అంకె నమ్మొద్దు

ఫిబ్రవరిలో మీరు 125 పల్స్‌తో నడిచిన వేగానికే మే నెలలో 140 చూపించొచ్చు. మీ ఫిట్‌నెస్ పోలేదు. ఒంట్లో వేడి బయటికి పంపడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం తోలాలి, చెమటతో నీరు తగ్గేకొద్దీ ఒక్కో దెబ్బకి తోసే రక్తం తగ్గుతుంది, ఆ లోటుని వేగంతో పూడ్చుకుంటుంది. నెల్లూరు, ఒంగోలు వైపు సముద్రపు ఉక్క తోడైతే చెమట ఆరదు, ఇంకా పెరుగుతుంది. అదే కనిగిరి, మార్కాపురం వైపు గాలి పొడిగా ఉంటుంది, చెమట ఆరిపోతూ ఉంటుంది కాబట్టి నీరు ఎంత పోయిందో తెలియదు.

పల్స్ ఎక్కువ చూపించింది కాబట్టి కేలరీలు ఎక్కువ కరిగాయనుకోవడం ఇక్కడ చేసే పెద్ద పొరపాటు. వాచీ కూడా చాలావరకు పల్స్ చూసే కేలరీలు అంచనా వేస్తుంది కాబట్టి వేసవిలో లేనిపోని అంకె చెప్పి మోసం చేస్తుంది. రోహిణీకార్తెలో వేగం తగ్గించి, మాట పరీక్షకి సరిపోయేట్టు నడవండి. ఎండెక్కకముందే ముగించండి.

నేల కూడా అంకెని మారుస్తుంది. మైపాడులోనో కొత్తపట్నంలోనో పొడి ఇసుకలో నడిస్తే, గట్టి నేల మీద అదే వేగంతో నడిచినదానికి సుమారు రెట్టింపు శ్రమ. ఈసారి పల్స్ నిజంగానే ఎక్కువ కేలరీలకి గుర్తు. నరసింహకొండ ఎక్కినా అంతే. కానీ మోకాళ్లు, మడమలు బాగున్నవాళ్లకే ఇది. 95 కిలోల మనిషికి చదునైన నేల మీద చురుకైన నడకలోనే 130 వచ్చేయొచ్చు, ఇసుక అక్కర్లేదు.

వాచీనా, ఛాతీ పట్టీనా, వేళ్లా

వాచీ చర్మం కింద రక్తప్రవాహాన్ని ఆకుపచ్చ కాంతితో చూస్తుంది. నడకలో బాగానే చెబుతుంది. జాగింగ్‌లో కొన్నిసార్లు అడుగుల లయని పల్స్ అనుకుని పొరపడుతుంది, నిమిషానికి 160 అడుగులు వేస్తుంటే 160 అనే చూపిస్తుంది. అడుగు వేగం మారినప్పుడల్లా పల్స్ అంకె కూడా దానితోపాటే గెంతుతుంటే అనుమానించండి. పట్టీ మణికట్టు ఎముకకి వేలెడు పైన, కదలకుండా బిగుతుగా ఉండాలి. గాజులు వేసుకునేవాళ్లు గాజులకి పైన, మోచేతి వైపు పెట్టుకుంటే జారదు. ఛాతీకి కట్టే పట్టీ గుండె విద్యుత్ సంకేతాన్ని చదువుతుంది, అది నమ్మదగ్గది. జాగింగ్, సైక్లింగ్‌లో వేగం పెంచుతూ, మధ్యమధ్యలో తగ్గిస్తూ శ్రమించేవాళ్లు తప్ప మిగతావాళ్లు దానికి డబ్బు పెట్టక్కర్లేదు. వేళ్లతో చూసేవాళ్లు నడక ఆపిన వెంటనే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి, ఆలస్యమైతే పల్స్ దిగిపోతుంది.

మీకు ఏది

వారాల కొద్దీ నడకే అలవాటు లేని, బరువు ఎక్కువున్న మనిషికి మొదటి నెల మాట పరీక్ష ఒక్కటే చాలు. వాచీ కొనాలనిపిస్తే కొనుక్కోండి, కానీ కొన్న రోజే సెట్టింగ్స్‌లో గరిష్ఠాన్ని, విశ్రాంతి పల్స్‌ని మీ అంకెలతో మార్చుకోండి. అలా మార్చుకునే సౌకర్యం లేని వాచీలో రంగులు పట్టించుకోవద్దు.

నెల నడిచాక కార్వోనెన్ లెక్క వేసుకుని, వారంలో ఎక్కువ రోజులు మధ్యస్థంలో ఉండండి. ఒంట్లో ఓపిక వచ్చాక ఒకటి రెండు రోజులు పది నిమిషాలు మాట తెగేంత వేగం కలపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దాంతోపాటు రెండు రోజులు కండరాలకి పని చెప్పమంటోంది. బరువు చెప్పుకోదగ్గంత తగ్గాలంటే 250 నిమిషాలు దాటాలని అమెరికన్ క్రీడా వైద్య సంస్థ సూచన. అంటే రోజుకి 36 నిమిషాలు, ఆదివారం సెలవు పెట్టకుండా. లేదంటే ఆరు రోజులు, ముప్పావు గంట చొప్పున.

ముప్పై లోపు, ఏ మందులూ లేనివాళ్లు, ఆటలు అలవాటున్నవాళ్లు తీవ్ర శ్రమకి నేరుగా వెళ్లొచ్చు, వాళ్లకి సమయం సగం సరిపోతుంది. అరవై దాటినవాళ్లకి తనాకా గరిష్ఠం, మాట పరీక్ష. 'లోల్' మాత్రలవాళ్లకి మాట పరీక్ష, డాక్టర్ చెప్పిన అంకె, ఇంకేమీ వద్దు. గర్భిణులు ఈ అంకెలేవీ వాడకుండా తమ డాక్టర్‌నే అడగాలి.

రెండు మూడు నెలలయ్యాక విశ్రాంతి పల్స్ మళ్లీ చూసుకోండి. బావది 80 నుంచి 72కి దిగిందనుకుందాం. కొత్త తేడా 103, కొత్త మధ్యస్థ శ్రేణి 113 నుంచి 133. పాత 118 నుంచి 136కి బదులు ఈ అంకెలు వాచీలో పెట్టుకోవాలి. అంకె తగ్గింది కదా అని వేగం తగ్గించక్కర్లేదు, గుండె బలపడ్డాక అదే పల్స్‌తో ఇంకాస్త వేగంగానే నడుస్తాడు. పుట్టినరోజు వచ్చినందుకు మాత్రం మళ్లీ లెక్క వేయక్కర్లేదు, ఏడాది పెరిగితే గరిష్ఠంలో తగ్గేది ఒక్క అంకే.